సీజన్ చివరి వారాల్లో జింక వేట: మంచు అడవిలో కదలకుండా, ఏమరకుండా మాటు వేయడం ఎలా

పెన్సిల్వేనియాలో స్థిరపడి వేట నేర్చుకుంటున్న మన తెలుగువాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నవంబర్‌లో ఏదో ఒక జింక కంటపడుతుంది. క్రిస్మస్ దాటాక మాత్రం మూడు గంటలు మాటు వేసినా అడవి ఖాళీగానే ఉంటుంది. చలికి తట్టుకోలేక లేచి వచ్చేస్తున్నాం. ఏం చేయాలి?"

నేను చూసినంతలో మనిషి మాటు వదిలి వచ్చేయడానికి కారణాలు మూడే. ఒళ్లు చల్లబడుతుంది. కూర్చున్న చోటు మీద నమ్మకం పోతుంది. కళ్లకు పని లేక ధ్యాస ఎటో పోతుంది. ఓపిక లేదని మనల్ని మనం తిట్టుకుంటాం గానీ, ఈ మూడింటికీ విరుగుడు అడవిలో అడుగు పెట్టకముందే సిద్ధం చేసుకోవాలి. అందుకే కింద తయారీ గురించే ఎక్కువ రాశాను.

ఇదంతా వైట్‌టెయిల్ జింక గురించి, పశ్చిమ పెన్సిల్వేనియా కొండ అడవుల గురించి. ఒహాయోలో, మిషిగన్‌లో, న్యూయార్క్‌లో ఉన్నవాళ్లకు పద్ధతి చాలావరకు పనికొస్తుంది, నియమాలు మాత్రం వేరుగా ఉంటాయి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఎవరు పిలిచినా వెళ్లకండి.

## 1. ముందు కాగితాలు సరిచూసుకోండి

పెన్సిల్వేనియాలో మామూలు తుపాకీ సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలై డిసెంబర్ మధ్యలో ముగుస్తుంది. డిసెంబర్ 26న మళ్లీ తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు చాలా ప్రాంతాల్లో విల్లుతోగానీ, ఫ్లింట్‌లాక్‌తోగానీ వేటాడాలి. ఫ్లింట్‌లాక్ అంటే చెకుముకి రాయి దెబ్బకు మందు అంటుకునే పాతకాలపు తుపాకి. రెండింటికీ మామూలు లైసెన్సుకు తోడు వేరే లైసెన్సు కావాలి. మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి. హెచ్-1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వేట లైసెన్సు చేతిలో ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు గడువు తీరితే మినహాయింపు కూడా పోతుంది. కాబట్టి తుపాకి ముట్టుకోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. విల్లుకు ఈ ఇబ్బంది లేదు. వీసా మీద ఉన్న మిత్రులకు నేను విల్లుతోనే మొదలుపెట్టమని చెబుతాను.

ఇల్లు వదిలేముందు చూసుకోవలసినవి:

- లైసెన్సు, ఆ సీజన్‌కు పనికొచ్చే ట్యాగు (దొరికిన జింకకు కట్టే చీటీ), పెన్ను
- ఆ రోజు సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాలు (సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా మాత్రమే వేట)
- జనం ఉండే ఇళ్ల నుంచి తుపాకికి 150 గజాలు, విల్లుకు 50 గజాల దూరం
- ప్రైవేటు భూమి అయితే యజమాని అనుమతి
- నారింజ రంగు టోపీ, వెస్టు

ఏ సీజన్‌లో నారింజ రంగు తప్పనిసరో నియమాల పుస్తకం చెబుతుంది. అడవిలో నడిచేటప్పుడు మాత్రం నేను ఎప్పుడూ వేసుకునే ఉంటాను. జింక కంటికి నారింజ, ఎరుపు సరిగా ఆనవు. ఉతికిన బట్టల్లో మెరుపు కోసం కలిపే డిటర్జెంట్ నీలి తళుకే దానికి ఎక్కువగా కనపడుతుంది. వేట బట్టలు ఆ మెరుపు, వాసన లేని సబ్బుతో ఉతకండి.

## 2. జింక ఇప్పుడు ఏం చేస్తోందో తెలుసుకోండి

నవంబర్ మధ్యలో జతకట్టే కాలంలో మగ జింక తిండి మరిచి తిరుగుతుంది. అప్పుడు ఎక్కడ కూర్చున్నా అదృష్టం తలుపు తట్టవచ్చు. డిసెంబర్ చివరికి అదే జింక బరువు బాగా కోల్పోయి, అలసిపోయి ఉంటుంది. దానికి కావలసినవి రెండే: మేత, వెచ్చని పడక. ఈ రెండింటి మధ్య దూరాన్ని కూడా వీలైనంత తగ్గించుకుంటుంది.

చలికాలంలో జింక ఒంట్లో శక్తి ఖర్చే తగ్గిపోతుంది. మేత ముందర పోసినా తక్కువే తింటుంది, తక్కువే కదులుతుంది. పైగా మూడు నెలలుగా మనుషుల వాసన, తుపాకుల మోత భరించింది. అడవి ఖాళీగా కనిపించేది అందుకే. జింకలు అక్కడే ఉన్నాయి. మీరు ఉన్న చోట లేవు, అంతే.

పడకలు ఎక్కువగా ఎండ పడే దక్షిణ వాలు మీద, గాలి, మంచు ఆపే హేమ్‌లాక్ చెట్ల కింద, ఏడాదంతా పచ్చగా ఉండే మౌంటెన్ లారెల్ పొదల్లో ఉంటాయి. మేత విషయానికొస్తే, తెల్ల ఓక్ కాయలు శరదృతువులోనే అయిపోతాయి. ఎర్ర ఓక్ కాయలు మంచు కింద ఇంకా దొరుకుతాయి. కోయకుండా మిగిలిన మొక్కజొన్న, సోయా చేలు, రెండు మూడేళ్ల కిందట చెట్లు కొట్టేసిన చోట మొలిచిన లేత కొమ్మలు కూడా చూసుకోండి.

## 3. చోటు వెతకడం

మంచు పడిన మర్నాడు మధ్యాహ్నం 11 నుంచి 1 గంట మధ్య వెళ్లండి. నెలరోజులు కెమెరా పెట్టినా తెలియనిది ఒక్క మంచు రాత్రి చెప్పేస్తుంది.

మేత దగ్గర మొదలుపెట్టండి. మంచును గిట్టలతో తవ్విన చోట్లు, కొత్త పెంటికలు, కొరికిన కొమ్మ చివర్లు వెతకండి. కుందేలు కొరికితే కొమ్మ కత్తితో కోసినట్టు ఏటవాలుగా ఉంటుంది. జింకకు పైదవడ ముందు పళ్లు లేవు కాబట్టి అది లాగి తెంపుతుంది, చివర చీలికలు కనిపిస్తాయి. అక్కడి నుంచి అడుగుజాడలు ఎటు వెళ్తున్నాయో చూడండి, కానీ పడక దాకా వెళ్లకండి. పొద పలచగా ఉన్నచోటి నుంచి చిక్కబడే అంచు దగ్గరే ఆగిపోండి. పడకలో ఉన్న జింకను లేపితే ఈ కాలంలో అది ఆ చోటికి మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

మాటు వేయవలసింది ఆ రెంటి మధ్య, పడకకు కాస్త దగ్గరగా. ఎందుకంటే జింక మేత మైదానంలోకి వచ్చేసరికి తరచూ చీకటి పడిపోతుంది. పొద అంచున అది వెలుతురు ఉండగానే పది నిమిషాలు నిలబడి చూస్తుంది. మీకు కావలసింది ఆ పది నిమిషాలే.

పెన్సిల్వేనియాలో మేత ఎర వేసి జింకను పిలవడం, కొన్ని ప్రత్యేక అనుమతులు మినహాయిస్తే, చట్టవిరుద్ధం. ఉన్న మేతనే వెతుక్కోవాలి.

## 4. గాలివాలు చూసి కూర్చోవడం

జింక మిమ్మల్ని చూస్తే అనుమానపడి ఆగుతుంది. వాసన పడితే ఆగదు. అందుకని గాలి జింక వైపు నుంచి మీ వైపు వీయాలి, లేదా అడ్డంగా వీయాలి.

కొండల్లో ఇంకో సంగతి ఉంది. ఉదయం ఎండ ఎక్కేకొద్దీ గాలి వాలు మీదుగా పైకి పాకుతుంది. సాయంత్రం చల్లబడగానే కిందికి జారుతుంది. 3 గంటలకు సరిగ్గా ఉన్న చోటు 4.30కి పాడైపోయేది ఇందువల్లే. సాయంత్రం మాటు అయితే లోయ వైపు జింక వచ్చే దారి ఉండకుండా చూసుకోండి.

మిల్క్‌వీడ్ అనే జిల్లేడు లాంటి మొక్క కాయలోని దూది పోగులు నాలుగు జేబులో వేసుకోండి. అరగంటకొకటి వదిలి, అది ఎటు తేలిపోతుందో కళ్లతో వెంబడించండి. గాలి మారి మీ వాసన పడకల వైపు పోతుంటే లేచి వచ్చేయడమే మంచిది. ఆ రోజు అక్కడ కూర్చోవడాన్ని ఓపిక అనను, చోటు పాడుచేసుకోవడం అంటాను.

## 5. ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడం

అసలు కిటుకు ఇక్కడ ఉంది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

నా మొదటి చలికాలం వేటలో ఇంట్లోనే అన్ని కోట్లూ తొడుక్కుని, కొండ ఎక్కి, చెమటతో తడిసి కూర్చున్నాను. 20 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 7 సెల్సియస్. నలభై నిమిషాల్లో పళ్లు టకటకలాడాయి. దిగి వచ్చేశాను. మర్నాడు వెళ్లి చూస్తే నేను కూర్చున్న చెట్టుకు ముప్పై గజాల్లో కొత్త అడుగుజాడలు. ఆ రోజు నుంచి బట్టలు మోసుకెళ్లి అక్కడే తొడుక్కుంటున్నాను.

- ఒంటికి ఆనుకునే పొర ఉన్నిది లేదా సింథటిక్‌ది. నూలు బనియన్, నూలు సాక్సు వద్దు. తడిస్తే ఆరవు.
- నడిచేటప్పుడు చలి వేస్తున్నట్టే ఉండాలి. పెద్ద కోటు సంచికి కట్టి తీసుకెళ్లండి.
- చోటు చేరాక ఐదు నిమిషాలు నిలబడి ఒళ్లు ఆరనిచ్చి, తర్వాత తొడుక్కోండి. చెమట పట్టిన టోపీ మార్చేయండి.
- బూట్లు వదులుగా ఉండాలి. రెండు జతల సాక్సులతో బిగించేస్తే రక్తం ఆడక పాదాలు ఇంకా తొందరగా చల్లబడతాయి.
- పాదాల కింద ఫోమ్ ముక్క లేదా చాప వేసుకోండి. కూర్చోవడానికి మందపాటి ఫోమ్ సీటు.
- చేతులకు పలచని గ్లవ్స్, పైన నడుముకు కట్టుకునే మఫ్, అంటే రెండు చేతులూ దూర్చుకునే గొట్టం లాంటి సంచి. అందులో వేడి ప్యాకెట్లు.

తిండి కూడా వేడిలో భాగమే. వేరుశనగ చిక్కీ, జీడిపప్పు, నువ్వుండలు లాంటివి చప్పుడు కాని గుడ్డ సంచిలో వేసుకెళ్తాను. దగ్గు బిళ్లల కాగితాలు ఇంట్లోనే విప్పేయండి. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోండి. గడ్డ కట్టేది పైభాగమే కాబట్టి మూత దగ్గర నీళ్లు మిగులుతాయి.

వణుకు ఆగకపోయినా, వేళ్లకు స్పర్శ తెలియకపోయినా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే దిగి కారు దగ్గరికి నడవండి. ఎక్కడ కూర్చుంటున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పకుండా వెళ్లొద్దు.

## 6. వెళ్లే వేళ, వెళ్లే దారి

ఈ వారాల్లో నేను ఉదయం మాటు దాదాపు మానేశాను. జింకలు రాత్రంతా మేత దగ్గరే ఉంటాయి. చీకట్లో మీరు నడిచి వెళ్తే వాటి మధ్యలోకే వెళ్తారు. మేతను తప్పించి, చుట్టు తిరిగి పడకల వైపు చేరే వీలుంటేనే ఉదయం ప్రయత్నించండి.

సాయంత్రం మాటుకు 1 గంటకల్లా కూర్చోండి. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల డిసెంబర్ చివర్లో సూర్యాస్తమయం 5 గంటలకు అటూ ఇటూగానే. విపరీతమైన చలి రోజుల్లో జింకలు పొద్దు ఉండగానే మేతకు లేస్తాయి. మంచు తుపానుకు ముందు రోజు, తుపాను ఆగిన మర్నాడు సెలవు పెట్టగలిగితే పెట్టండి. ఆ రెండు రోజులు మామూలు వారం రోజులతో సమానం.

మంచు గడ్డకట్టి పలుగురాళ్లలా కరకరలాడుతుంటే మూడడుగులు వేసి ఆగండి, మళ్లీ రెండడుగులు వేసి ఆగండి. మనిషి నడక లయ అడవిలో మరే జంతువుకూ ఉండదు. ఆ లయ విరగ్గొట్టాలి.

మంచె మీద, అంటే ట్రీ స్టాండ్ మీద కూర్చునేవాళ్లు నేల వదిలిన క్షణం నుంచి తిరిగి నేల మీద కాలు పెట్టేదాకా ఫుల్ బాడీ హార్నెస్ కట్టుకునే ఉండాలి. మెట్ల మీద మంచు జారుతుంది. ఆయుధాన్ని ఎక్కాక తాడుతో పైకి లాక్కోండి. తుపాకి అయితే లోడ్ చేయకుండా లాగాలి.

## 7. కళ్లకు, చెవులకు పని పెట్టడం

ఇక ఏమరకుండా ఉండటం. ఊరికే అడవి వైపు చూస్తూ కూర్చుంటే ఇరవై నిమిషాల్లో చూపు ఉంటుంది, గమనింపు ఉండదు. అందుకని నేను ఎదురుగా ఉన్న అడవిని గదులుగా విడగొట్టుకుంటాను: దగ్గరి గది, మధ్య గది, దూరపు గది.

మొదట తల కదపకుండా కళ్లతోనే దగ్గరి నుంచి దూరానికి ఒక చుట్టు. తర్వాత బైనాక్యులర్‌తో ఒక్కో గదిలో చెట్ల మధ్య సందుల్లోకి చూడటం. తర్వాత రెండు నిమిషాలు కళ్లు సగం మూసి చెవులు మాత్రమే. మళ్లీ మొదటికి. ఒక చుట్టుకు పది పన్నెండు నిమిషాలు పడుతుంది. తల తిప్పవలసి వస్తే పది అంకెలు లెక్కపెట్టేంత నిదానంగా తిప్పండి.

మొత్తం జింక కోసం వెతకకండి, ముక్కల కోసం వెతకండి. అడవిలో గీతలన్నీ నిలువుగా ఉంటాయి. అడ్డంగా ఒక గీత ఉంటే అది పడిపోయిన మానో, జింక వీపో అయి ఉంటుంది. చెవి ఆడటం, నల్లని ముక్కు తడి మెరుపు, గొంతు కింది తెలుపు, పొద కింద నాలుగు సన్నని కాళ్లు. మంచు పడిన అడవిలో అన్నిటి మీదా మంచు ఉండి ఒక్క గోధుమరంగు మచ్చ మీద లేకపోతే, దాన్ని ఐదు నిమిషాలు వదలకండి.

ఉడుత మంచులో గబగబా ఉరికి, ఆగి, మళ్లీ ఉరుకుతుంది. జింక అడుగు బరువుగా, ఎడమిచ్చి పడుతుంది. మధ్యలో పూర్తి నిశ్శబ్దం. బ్లూ జే పిట్ట ఉన్నట్టుండి అరిస్తే, ఆడుతున్న ఉడుత బిగుసుకుపోతే, అది చూస్తున్న వైపే మీరూ చూడండి.

ఫోన్ సంచి అడుగున పెట్టండి. నేను ఫోన్‌లో ఆఫీసు మెసేజ్ ఒకటి చదివి తల ఎత్తేసరికి, ఆడ జింక ఒకటి పాతిక గజాల్లో నన్ను చూస్తూ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. దాని వెనక ఇంకా రెండు ఉన్నాయని అవి పరిగెత్తాకే తెలిసింది.

టైము గడవకపోతే "ఇంకా మూడు గంటలు" అనుకోవద్దు. "ఇంకో చుట్టు చూస్తాను" అనుకోండి. ఆఖరి 45 నిమిషాలకు ఒక చిక్కీ ముక్క, ఒక జత కొత్త వేడి ప్యాకెట్లు దాచుకోండి. చాలామంది సరిగ్గా ఆ వేళకే లేచిపోతారు. జింకలు లేచేదీ ఆ వేళకే.

## 8. జింక కనిపించాక

ఇక్కడ టెన్షన్ వస్తుంది. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది. ఊపిరి ముక్కుతో పీల్చి నెమ్మదిగా వదలండి, ఆవిరి బైనాక్యులర్ మీద పడనివ్వకండి.

ఈ కాలంలో జింకలు గుంపుగా వస్తాయి. ముందు వచ్చేది తరచూ పెద్ద ఆడ జింక. దాని తల ఎత్తి ఉంటే కదలొద్దు. తల దించినట్టే దించి టక్కున ఎత్తడం దానికి అలవాటు, కాబట్టి మొదటిసారి దించగానే నమ్మకండి. అది నేల మీద కాలు కొడితే బొమ్మలా ఉండిపోండి. తోక నిదానంగా ఒకసారి ఆడించి మేతలో పడితే, అనుమానం తీరినట్టు. అది వెనక్కి తిరిగి చూస్తుంటే ఇంకొకటి వస్తోందని అర్థం.

డిసెంబర్ చివరి నుంచి కొన్ని మగ జింకలకు కొమ్ములు రాలిపోతుంటాయి. కొమ్ములు లేనంత మాత్రాన ఆడదని తేల్చేయకండి. తల బాగా చూసి, మీ ట్యాగుకు అది సరిపోతుందో లేదో నిర్ణయించుకున్నాకే ఆయుధం ఎత్తండి.

పక్కకు తిరిగి నిలబడాలి. ముందుకాలు వెనకగా, ఛాతీలో కింది మూడోవంతు గురి. వెనక ఏముందో కనిపించాలి. గట్టు శిఖరం మీద, ఆకాశం నేపథ్యంగా ఉన్న జింకను వదిలేయండి. చెకుముకి తుపాకిలో ట్రిగ్గర్ నొక్కాక క్షణం ఆలస్యంగా పేలుతుంది, మంట కనిపించినా గురి కదపకుండా నిలబెట్టండి.

## 9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకోవడం

రోజూ అదే చోట కూర్చోవడం. రెండు మాట్ల తర్వాత మీ వాసన అక్కడ నిలిచిపోతుంది. వేర్వేరు గాలివాలుకు సరిపోయేలా మూడు చోట్లు చూసి పెట్టుకోండి.

తుపాకిని వెచ్చని ఇంట్లోకి తెచ్చి మళ్లీ బయటికి తీసుకెళ్లడం. లోహం మీద తేమ చేరి మందు తడుస్తుంది, స్కోపు మసకబారుతుంది. వేట రోజుల్లో ఖాళీ చేసిన తుపాకిని తాళం వేసిన చల్లని గదిలోనే ఉంచండి. చెకుముకి తుపాకిలో పళ్లెం మందును, అంటే నిప్పురవ్వ పడే చిన్న గిన్నెలో పోసే మందును మంచు, చిరుజల్లు రోజుల్లో గంటకోసారి మార్చి, పళ్లెం తుడవండి.

పెద్ద గ్లవ్స్‌తో, లావు కోటుతో ఎప్పుడూ సాధన చేయకపోవడం. విల్లు తాడు చేతి కోటుకు తగిలితే బాణం పక్కకు పోతుంది. చలికాలం బట్టలు తొడుక్కునే పెరట్లోనో రేంజ్‌లోనో సాధన చేయండి. కండరాలు బిగిశాక మీ విల్లు తాడు లాగలేకపోతే, లాగడానికి కావలసిన బలాన్ని ముందుగానే తగ్గించుకోండి.

చీకటి పడగానే లేచి నడిచేయడం. జింకలు ఎదురుగా మేస్తుంటే అవి పక్కకు జరిగేదాకా కూర్చోండి. లేకపోతే రేపటి మాటు ఈ రోజే పాడవుతుంది. వేట వేళ ముగిసింది కాబట్టి ఆయుధం ఖాళీ చేసి ఆగండి.

## 10. గురి తర్వాత

తగిలిందనిపించగానే దిగి పరిగెత్తకండి. చివరిసారి ఏ చెట్టు దగ్గర కనిపించిందో గుర్తు పెట్టుకుని, గడియారం చూసి అరగంట కూర్చోండి. తర్వాత నెత్తురు చూడండి. నురుగుతో లేత ఎరుపు అయితే ఊపిరితిత్తులు, జింక దగ్గరలోనే ఉంటుంది. ముదురు ఎరుపు అయితే కాలేయం కావచ్చు, మూడు నాలుగు గంటలు ఆగాలి. ఆకుపచ్చ మలినం, పుల్లటి వాసన ఉంటే పొట్టకు తగిలింది. నిశ్శబ్దంగా వెనక్కి వచ్చి ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆగండి. మంచు మీద జాడ స్పష్టంగా ఉందని తొందరపడి వెంబడిస్తే గాయపడిన జంతువును అనవసరంగా మైళ్ల దూరం నడిపిస్తాం. దానికి బాధ తగ్గించే బాధ్యత మనది.

జింకను కదిలించక ముందే ట్యాగు నింపి కట్టాలి. గేమ్ కమిషన్‌కు, అంటే వేటను చూసుకునే రాష్ట్ర సంస్థకు 10 రోజుల్లో వివరం తెలపాలి. పెన్సిల్వేనియాలో 2012 నుంచి సీడబ్ల్యూడీ అనే జింకల మెదడు జబ్బు ఉంది. ఆ జబ్బున్న ప్రాంతాల నుంచి తల, వెన్నెముక బయటికి తీసుకెళ్లడానికి నిషేధం ఉంటుంది, పరీక్ష కోసం తలలు వేసే పెట్టెలు అక్కడే ఉంటాయి. రబ్బరు గ్లవ్స్ వేసుకుని కోయండి, మెదడు, వెన్నుపాము ముట్టుకోకండి. పరీక్ష ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లో పెట్టండి. జబ్బు ఉందని వస్తే తినొద్దు.

ఖాళీ చేతులతో వచ్చిన రోజు కారులో కూర్చుని, చేతులు వెచ్చబడగానే చిన్న పుస్తకంలో ఐదు సంగతులు రాసుకోండి: తారీఖు, చలి ఎంత, గాలి ఎటు, ఏ చోట, ఏ వేళకు ఏం కనిపించింది లేదా వినిపించింది. మరుసటి సాయంత్రం ఏ చెట్టు కింద కూర్చోవాలో ఆ పేజీ చూసి నిర్ణయించుకోండి.